మన గోదావరి జిల్లాల చరిత్ర డిగ్రీ కాలేజీతో పాటు ఎలా చదువుకోవాలి

హిస్టరీ అంటే ఢిల్లీ సుల్తానులే అనుకుని మన ఊరి సంగతి వదిలేస్తాం కదా, అలా చేయకండి. దగ్గర్లో ఉన్న గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో హిస్టరీ తీసుకోండి, ఉద్యోగం చేసుకునేవాళ్ళైతే దూరవిద్యలో చదవొచ్చు. సిలబస్‌లో ఆంధ్ర చరిత్ర పేపర్ ఉందా లేదా చేరేముందే అడగండి. ప్రాజెక్ట్ వర్క్ ఇచ్చినప్పుడు మాత్రం ఇంటర్నెట్ నుంచి దించేయకుండా మన డెల్టా మీదే చెయ్యండి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, అక్కడే దాన్ని కట్టించిన ఇంజనీర్ కాటన్ పేరు మీద మ్యూజియం ఉంది, ఒక పూట పెట్టుకుని వెళ్ళండి, తర్వాత మీ ఊరి కాలవ ఎక్కడినుంచి వస్తుందో మ్యాప్ మీద గీసుకుంటూ పోతే సగం ప్రాజెక్ట్ అయిపోయినట్టే.

ద్రాక్షారామం గుడిలో స్తంభాల మీద శాసనాలు బోలెడు, పొద్దున్న ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అక్షరాలు బాగా కనిపిస్తాయి. సుద్ద, పసుపు పూయొద్దు ప్లీజ్, రాయి పాడవుతుంది. శక సంవత్సరం కనిపిస్తే ఇంగ్లీషు సంవత్సరం కోసం 78 కలపండి, శక 1000 అంటే సుమారు 1078 అన్నమాట.

ఇంకోటి, పాత రికార్డుల్లో తూర్పుగోదావరి అని వెతికితే దొరకదు, 1925 దాకా అది గోదావరి జిల్లానే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు అడిగి చూడండి. యానాం వాళ్ళైతే 1954 దాకా ఫ్రెంచి పాలన, తాతమ్మలు ఉంటే వాళ్ళ జ్ఞాపకాలు ఇప్పుడే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.