పాత లారీ నుంచి ఏసీ సామాను విప్పడం ఎలా?

సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలోని కొరాపుట్, జయపురం షెడ్లకు వచ్చే పాత లారీల్లో ఏసీ గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్ బిగుసుకుపోయినవి చాలా ఉంటాయి. వాటిని తీయించాల్సిందే. కానీ డీజిల్ ఆదా అవుతుందని బాగున్న ఏసీని పీకించే యజమానులతో నాకు పేచీ. స్విచ్ ఆపితే కంప్రెసర్ క్లచ్ వదిలేస్తుంది, కప్పీ ఒక్కటే ఊరికే తిరుగుతుంది. ఏసీని పీకించినందువల్ల మిగిలే డీజిల్ లెక్కలోకి రాదు.

రింగు పానాలు, గేజీల సెట్టు, గ్యాస్ లాగే రికవరీ మిషన్, కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు, పైపులకు మూతలు సిద్ధం చేసుకోండి. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. స్క్రూ పానా తెచ్చేవాడిని పక్కన కూర్చోబెట్టండి, నట్టు మూలలు అరగదీయడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు.

ఇక గ్యాస్. చెడగొట్టేవాళ్లంతా చెడగొట్టేది ఇక్కడే. నట్టు వదులు చేసి తుస్సుమనిపించడం పని కాదు. ఆగి ఉన్న లారీలో కూడా 30 డిగ్రీల ఎండకు ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ పీడనం చదరపు అంగుళానికి సుమారు 100 పౌండ్లు ఉంటుంది. బయటపడిన ద్రవం మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు, చర్మం మీద పడితే మంచు కాటే. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే ఆ మంటకు ఇదే గ్యాస్ విషపు ఆవిరవుతుంది. పైగా ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

ముందు గ్యాస్ పేరున్న స్టిక్కర్ చదవండి. మరీ పాత బండిలో ఆర్-12 అనే పాత రకం గ్యాస్ ఉండవచ్చు. రెండింటినీ ఒకే సిలిండర్‌లోకి లాగకూడదు. గేజీల సెట్టులోని నీలం గొట్టం తక్కువ పీడనం వైపు, ఎరుపు గొట్టం ఎక్కువ పీడనం వైపు బిగించి గ్యాస్ లాగండి. సిలిండర్‌ను ఎనభై శాతానికి మించి నింపవద్దు. గేజీల రెండు ముళ్లూ సున్నాకు రాగానే పానా అందుకోవద్దు. వాల్వులు మూసి పది నిమిషాలు ఆగండి. ముల్లు మళ్లీ పైకి లేస్తుంది. కంప్రెసర్ నూనెలో కరిగి ఉన్న గ్యాస్ అప్పుడు బయటికొస్తుంది. మళ్లీ లాగండి, మళ్లీ ఆగండి. ముల్లు కదలకుండా నిలిచేదాకా ఇంతే. టీ తాగి రండి, కొంప మునిగిపోదు.

అప్పుడు కూడా ముఖం పక్కకు తిప్పి, నట్టును అరచుట్టు వదిలి, తుస్సుమంటుందేమో చెవి పెట్టి వినండి. ఒక పానాతో ఫిట్టింగును పట్టుకుని రెండో పానాతో నట్టు తిప్పాలి, లేకపోతే అల్యూమినియం పైపు మెలిపడిపోతుంది. సామాను మళ్లీ వాడేదైతే విప్పిన చోటల్లా వెంటనే మూత పెట్టండి. లోపలి కంప్రెసర్ నూనె గాలిలోని తేమను పీల్చేస్తుంది.

తర్వాతదంతా సులువు. కంప్రెసర్‌కు వేరే బెల్టు ఉంటే తీసేస్తే సరి. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరిగితే మాత్రం ఖాళీ కప్పీ గానీ సరైన పొడవున్న బెల్టు గానీ వేయాలి. క్లచ్ తీగ చివరలకు టేపు చుట్టి ఫ్యూజు పీకేయండి. డ్యాష్‌బోర్డులో కూలింగ్ కాయిల్ తీసేటప్పుడు పక్కనే ఉన్న నీటి గొట్టాలను తాకవద్దు. అవి హీటర్‌వి, కొరాపుట్ చలికి డ్రైవరుకు అదే దిక్కు. కండెన్సర్ చివర్లో తీయండి. దాని వెనక రేడియేటర్‌కు పట్టిన దుమ్మును ఇంజను వైపు నుంచి ముందుకు గాలి కొట్టి దులిపేయండి.