కొత్త హ్యాండ్‌హెల్డ్ గేమ్ కన్సోల్ ధర దిగుతుందా, దిగదా? అనంతపురంలో కూర్చుని లెక్క తేల్చుకోవడం ఎలా?

కమలానగర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి ఏ గేమ్ పిచ్చోడినడిగినా ఒకటే మాట: "ఇప్పుడొద్దప్పా, ఆర్నెల్లు ఆగు, తగ్గుతాది." ఫోన్ల విషయంలో ఈ సలహాకు తిరుగులేదు. చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్ల దగ్గరికొచ్చేసరికి ఇది సగమే నిజం. కొన్ని నిజంగానే దిగుతాయి, కొన్ని ఏళ్ల తరబడి కదలవు, ఈమధ్య కొన్ని పెరిగాయి కూడా. మీరు కొనాలనుకునేది ఏ రకమో ముందు తేల్చుకోండి. ఎన్నాళ్లు ఆగాలో, అసలు ఆగాలో లేదో అప్పుడు తెలుస్తుంది.

1. ఆ కంపెనీ మన దేశంలో అమ్ముతోందా?

మొదట చూడాల్సింది ఇదే. సోనీ ప్లేస్టేషన్ పోర్టల్ మన దేశంలో 2024 సెప్టెంబర్‌లో 18,990 రూపాయలకు వచ్చింది. ఆసుస్ ఆర్‌ఓజీ అలై 2023 జులైలో 69,990కి వచ్చింది. ఇలాంటివాటికి డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ ముద్రించి ఉంటాయి. ఆ ఎమ్మార్పీకి పైసా ఎక్కువ అడిగినా చట్టం ఒప్పుకోదు.

(పోర్టల్ ధర చూసి తొందరపడకండి. అది సొంతంగా గేమ్ నడపదు. ఇంట్లో సోనీ వాళ్ల పెద్ద కన్సోల్ పీఎస్5 ఉంటే దాని బొమ్మను వైఫై మీద చూపిస్తుంది, అంతే.)

నింటెండో స్విచ్ 2, వాల్వ్ స్టీమ్ డెక్ లాంటివి వేరే దారి. వీటిని ఆ కంపెనీలు ఇక్కడ నేరుగా అమ్మవు. ఎవరో బయటి దేశం నుంచి తెప్పిస్తే అది బెంగుళూరు చేరి, అక్కడి నుంచి మన సుభాష్ రోడ్డు దాకా వస్తుంది. డబ్బా మీద మన ఎమ్మార్పీ ఉండదు, అమ్మేవాడు చెప్పిందే రేటు. కక్కలపల్లి మార్కెట్‌లో టమోటా లెక్కే: ఆ రోజు ఎన్ని లారీలు దిగాయన్నదాన్ని బట్టి రేటు. విడుదలైన మొదటి వారాల్లో సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అప్పుడు చెప్పే ధరలో కొంత వస్తువుది, మిగతాది మీ తొందరది. సరుకు పారడం మొదలయ్యాక ఆ తొందర వాటా కరిగిపోతుంది. అది అంగడివాడి లాభంలో వచ్చే కోతే, కంపెనీ తగ్గించినట్టు కాదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, మూడో అంచెలో పనికొస్తుంది.

2. ఆ కంపెనీ పాత అలవాటు చూడండి

"తగ్గుతాది" అనే నమ్మకం ఊరికే పుట్టలేదు. నింటెండో 3డీఎస్ 2011 మార్చి ఆఖర్న అమెరికాలో 249.99 డాలర్లకు వచ్చింది. అమ్మకాలు అనుకున్నంత లేవు. ఆగస్టు 12కల్లా 169.99కి దించేశారు. అయిదు నెలలు నిండకముందే 80 డాలర్ల కోత! మొదట్లో కొన్నవాళ్లు మండిపడతారని తెలిసి, వాళ్లకు ఇరవై పాత గేములు ఉచితంగా ఇచ్చారు. సోనీ పీఎస్పీ కూడా 2005లో అదే 249.99కి మొదలై, 2007 ఏప్రిల్‌లో అదే 169.99కి దిగింది. దానికి రెండేళ్లు పట్టింది.

ఆ తర్వాత కథ మారింది. 2017 మార్చి 3న 299.99 డాలర్లకు వచ్చిన మొదటి స్విచ్‌ను అమెరికాలో ఎనిమిదేళ్లపాటు అదే ధరకు అమ్మారు. 2021లో ఓఎల్ఈడీ తెర మోడల్ 349.99కి వచ్చినా అక్కడ పాతది తగ్గలేదు. 2025 ఆగస్టులో, స్విచ్ 2 వచ్చేసిన రెండు నెలలకు, పాత స్విచ్ ధరను 339.99కి పెంచారు! మార్కెట్ పరిస్థితులు అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఎనిమిదేళ్ల నాటి వస్తువు కొత్తప్పటి కంటే ప్రియం కావడం మన పెద్దవాళ్లు బంగారంలో చూశారు, బొమ్మల్లో చూసి ఉండరు.

ఎందుకిలా? ఒకప్పుడు చిప్పుల తయారీ ఖర్చు ఏటేటా దిగేది, కంపెనీ ఆ మిగులులో కొంత మనకు వదిలేది. ఇప్పుడు ఆ దిగుడు మందగించింది. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలైతే ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని ఎగబడి కొంటున్నాయి మరి. పైగా నింటెండోకు తన గేములే బలం. మేరియో కావాలంటే వాళ్ల పెట్టె కొనక తప్పదు, కాబట్టి ధర దించాలన్న ఒత్తిడి వాళ్ల మీద తక్కువ.

విండోస్ మీద నడిచే హ్యాండ్‌హెల్డ్‌ల తీరు వేరు. అలై, లెనోవో లీజియన్ గో, ఎమ్మెస్సై క్లా: ఇవన్నీ నిజానికి చిన్న కంప్యూటర్లు, అందరూ అవే గేములు ఆడిస్తారు. పోటీ ఎక్కువ, కొత్త చిప్పు త్వరత్వరగా వస్తుంది. ఆసుస్ 2024లో అలై ఎక్స్ తెచ్చినప్పుడు బ్యాటరీని 40 వాట్-అవర్ నుంచి 80కి పెంచింది. అలాంటిది వచ్చాక పాత మోడల్‌ను పాత ధరకు ఎవరు కొంటారు? ఈ జాతిలో ఆగినవాడికి లాభమే. కొత్త మోడల్ ప్రకటన వచ్చాక, పాత స్టాకు అయిపోకముందు ఉండే ఆ కొద్ది వారాలే మంచి సమయం.

3. ఇంతకంటే దిగదు అనే హద్దు కట్టుకోండి

బయటి నుంచి వచ్చే సరుకుకు ఇది తప్పనిసరి. స్విచ్ 2 అమెరికాలో విడుదల ధర 449.99 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే దాదాపు 40,500. అక్కడి ధరలో వాళ్ల రాష్ట్రపు పన్ను కలిసి ఉండదు. దాని మీద రవాణా, ఇక్కడి కస్టమ్స్, తెచ్చేవాడి లాభం వేసుకోండి. వచ్చిన అంకె మీ కింది హద్దు. ఎవడైనా దానికి బాగా దిగువన ఇస్తానంటే సంతోషపడే ముందు అనుమానపడాలి: వాడిన పీసు కావచ్చు, పన్ను కట్టని సరుకు కావచ్చు, లేదంటే జపాన్ పీసు.

ఈ జపాన్ పీసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్విచ్ 2ను జపాన్‌లో రెండు రకాలుగా అమ్ముతున్నారు. 49,980 యెన్లకు వచ్చింది జపనీస్ భాష ఒక్కటే చూపించే రకం. యెన్‌కు 58 పైసలనుకుంటే మన లెక్కలో 29 వేలు. అన్ని భాషలూ ఉన్న రకం 69,980 యెన్లు. చవక రకంలో మెనూలు జపనీస్‌లోనే ఉంటాయి, జపాన్‌కు చెందిన ఖాతా మాత్రమే కలుస్తుంది. సెట్టింగుల్లో మార్చుకుందామంటే కుదరదు. డబ్బా చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి, అందుకే రేటు మరీ కిందికొచ్చినప్పుడు నోరు తెరిచి అడగండి: "ఏ దేశం పీసన్నా ఇది? ఇంగ్లీషు వస్తాదా?" ఆన్ చేసి మెనూ చూపించమనండి.

4. ఒక పేజీ రాసి పెట్టుకోండి

ఫోన్‌లో నోట్స్ చాలు. తేదీ, అంగడి పేరు, మోడల్, చేతికొచ్చే ధర, బిల్లు ఉందా లేదా, ఏవైనా కలిపి ఇచ్చారా: ఈ ఆరు గళ్లు. వారానికోసారి అదే రోజున చూసి నింపండి. ముఖ్యమైనది "చేతికొచ్చే ధర" గడి. ఆన్‌లైన్‌లో కొట్టేసి చూపించే పెద్ద అంకెను ఈ పేజీలోకి రానివ్వొద్దు. ఆ ధరకు ఆ వస్తువు ఎప్పుడైనా అమ్ముడుపోయిందో లేదో మనకు తెలీదు, దాని మీద ముప్పై శాతం తగ్గింపంటే మురిసిపోవడమెందుకు?

ఫలానా కార్డుకు తగ్గింపు అంటే, ఆ కార్డు మీ దగ్గరుంటేనే లెక్కలోకి తీసుకోండి. నో కాస్ట్ ఈఎంఐలోనూ కొంత ఖర్చు దాగి ఉంటుంది: బ్యాంకు వడ్డీని ముందే డిస్కౌంటుగా తీసేసినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోనే పడతాయి.

గేమ్ కలిపి ఇచ్చే కట్టలను విడదీసి చూడండి. స్విచ్ 2ను మేరియో కార్ట్ వరల్డ్‌తో కలిపి 499.99 డాలర్లకు అమ్మారు. గేమ్ విడిగా 79.99. అంటే 30 డాలర్లు తగ్గినట్టే, ఆ గేమ్ మీకు కావాలనుకుంటే. కంపెనీలు ధర దించామని చెప్పుకోకుండా దించే పద్ధతి ఇది. అదే మన దగ్గర "పౌచ్, గ్లాసు ఫ్రీ" అంటారు, దానికి నేను రెండు మూడు వందలకు మించి విలువ కట్టను.

5. సీజన్ చూసుకోండి

దసరా, దీపావళి ముందు ఆన్‌లైన్ సేల్స్, జనవరిలో రిపబ్లిక్ డే సేల్. ఇక్కడ కంపెనీయే అమ్మే వస్తువులకు ఇవి పనిచేస్తాయి. బయటి సరుకుకు పండగతో సంబంధం లేదు, పండగకు గిరాకీ పెరిగి రేటు ఎక్కినా ఎక్కొచ్చు.

6. ఇక్కడా, బెంగుళూరా?

అనంతపురం వాళ్లకు బెంగుళూరు పక్కింటి లాంటిదే, పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో ఇలాంటి సరుకు దొరుకుతుంది, నాలుగు అంగళ్లు పక్కపక్కనే ఉండడంతో బేరం కూడా సాగుతుంది. రానుపోను ఖర్చు తీసేశాక మిగిలేదెంతో చూడండి. రెండు వేల లోపు తేడా అయితే నేను ఊళ్లోనే కొంటాను. పాడైతే ఎదురుగా వెళ్లి నిలబడి అడగొచ్చు కదా.

సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది:

"ఎంతకిస్తావన్నా?"

"యాభై రెండప్పా, లాస్టు."

"బిల్లుతోనేనా?"

"బిల్లు కావాలంటే ట్యాక్స్ పడతాది."

అప్పుడు మీ పేజీలో రాయాల్సింది యాభై రెండు వేలు కాదు, బిల్లుతో అయ్యే మొత్తం. బిల్లు మీద అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబరు చూడండి: మన రాష్ట్రపు అంగడిదైతే 37తో, కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది. కన్సోల్ సీరియల్ నంబరు బిల్లులో రాయించండి. బయటి సరుకుకు ఇక్కడ కంపెనీ వారంటీ ఉండదు, "షాపు వారంటీ" అంటే ఎన్ని నెలలో, ఏమేం వస్తాయో అదే కాగితం మీద రాసివ్వమనండి. ఎమ్మార్పీ ఉన్న వస్తువుకు ఎక్కువ గుంజినా, బిల్లు ఇవ్వకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

7. ఆగడం ఎప్పుడు ఆపాలి?

నేను పాటించే లెక్క: బయటి సరుకు ధర మీ కింది హద్దుకు పది శాతం దూరంలోకి వచ్చి, వరసగా మూడు నాలుగు వారాలు అక్కడే ఉంటే కొనేయండి. ఇక దిగే తొందర వాటా లేదు. మిగిలింది డాలరు, చిప్పుల రేటు. అవి రెండూ మన మాట వినవు. విండోస్ రకమైతే కొత్త మోడల్ దాకా ఆగండి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ఇంకొక్క పని. స్విచ్ 2లో నకలు కార్ట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే చిన్న కార్డులు) వాడిన మిషన్లను నింటెండో ఆన్‌లైన్ సేవల నుంచి నిషేధిస్తుంది. ఆ నిషేధం మిషన్‌కే అంటుకుని ఉంటుంది, కొన్నవాడు మారినా పోదు. పైకి చూస్తే ఏమీ తెలియదు, గేమ్ కూడా ఆడుతుంది. కాబట్టి డబ్బులిచ్చే ముందు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, దాని ఆన్‌లైన్ స్టోర్ తెరిపించండి. తెరుచుకోకపోతే ఎంత చవకైనా వదిలేసి రండి.