లూజు టీపొడికీ ప్యాకెట్‌కీ తేడా మీ నాలుకకు తెలుస్తోందా? ఇంట్లోనే తేల్చుకోండి

పల్లెల్లోనూ ఇప్పుడు లూజు టీపొడి వాడుతున్నామని చెప్పుకోవడం నామోషీ అయింది. చుట్టాలొస్తే పేరున్న ప్యాకెట్ పడాల్సిందే. పేరుకు పెట్టే డబ్బు రుచిలో కనిపిస్తోందా అన్నది వాదించుకుంటే తేలదు, గ్లాసులు ముందు పెట్టుకుంటే తేలుతుంది.

పొడిని చెంచాతో కాదు, తూకంతో కొలవండి. సన్నటి డస్టు చెంచాలో ఒత్తుగా కూరుకుంటుంది, ఆకు పలుకులు గుల్లగా ఉంటాయి. చెంచాడు చొప్పున వేస్తే డస్టే బరువెక్కువ పడి, డికాక్షన్ చిక్కగా దిగుతుంది. అసలు ఒకే సైజు పలుకున్న పొడులనే పోల్చడం మంచిది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాములు చాలు. పాలు, చక్కెర రోజూ వేసుకునేంతే, కాకపోతే కొలిచి. మంట, మరిగే సమయం రెండింటికీ ఒకటే.

ఇక పొయ్యడం. ఒకరు చాటుగా మూడు గ్లాసుల్లో పోయాలి: రెండింట్లో ఒకే టీ, మూడోదాంట్లో రెండో రకం. గ్లాసులకు 417, 862 లాంటి అంకెలు అంటించండి. 1, 2 అని రాస్తే ఒకటోదే మేలనిపిస్తుంది. పోసినవాళ్ళు ఏది ఏదో చీటీ మీద రాసుకుని పక్కకు తప్పుకోవాలి, అందించేది వేరొకరు. లేకపోతే వాళ్ళ మొహమే జవాబు చెప్పేస్తుంది. రంగు తేడాగా ఉంటే కళ్ళు మూసుకుని తాగాలి. వేడి మాత్రం మూడింట్లో సమానంగా ఉండాలి. ఒకటి చల్లారితే అదే వేరే టీ అనేస్తారు. ఎక్కువసార్లు పరీక్ష చెడేది ఇక్కడే.

వేరేది ఏదో చెప్పమనండి. ఇలా 6 సార్లు, ప్రతిసారీ వరస మార్చి, మధ్యలో నోరు పుక్కిలించి. గుడ్డిగా చెప్పినా సగటున 2 తగులుతాయి. 5 గానీ 6 గానీ సరిపోతే ఆ నాలుకకు తేడా నిజంగా తెలుస్తున్నట్టే, వాళ్ళ మాటకు విలువివ్వాలి. 4 అయితే ఇంకో రోజు మళ్ళీ చేయండి.

తేడా తెలిసినంత మాత్రాన ప్యాకెట్టే మేలని కాదు. ఏది నచ్చిందో విడిగా అడగండి, అదీ పేరు చెప్పకుండానే. 1964లో ఆలిసన్, ఉల్ అనే పరిశోధకులు బీరు మీద ఇలాగే చూశారు: లేబుల్ తీసేస్తే తాగేవాళ్ళు తమ బ్రాండును పోల్చుకోలేకపోయారు, లేబుల్ కనబడగానే దానికే ఎక్కువ మార్కులేశారు. కాబట్టి తప్పు చెప్పినవాళ్ళను, ముఖ్యంగా పెద్దవాళ్ళను, నలుగురిలో ఎగతాళి చేయకండి.

లూజు పొడి సంచి సంచికీ మారుతుంది. కొత్త సంచి విప్పినప్పుడు పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి.