కొవ్వు ఇంజెక్షన్‌తో జటిల భగందర చికిత్స: థియేటర్‌కి వెళ్లేముందు చూసుకోవలసినవి

భగందరం అంటే మలద్వారం లోపలి నుంచి పక్కనున్న చర్మం దాకా ఏర్పడే చీము మార్గం; రోగి సొంత కొవ్వును తీసి దాని చుట్టూ ఎక్కించడమే ఈ చికిత్స. చీము మిగిలి ఉంటే మొదలుపెట్టకండి. ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే. ముందు చీము తీసి, మార్గంలో వదులుగా సీటన్ దారం వేసి, కనీసం 6 వారాలు కారనివ్వాలి. తర్వాత ఎంఆర్‌ఐలో పక్కదారులు, గుర్రపునాడా ఆకారపు చీము గదులు వెతకాలి. ఒక్క కొమ్మ వదిలేసినా జబ్బు తిరగబెడుతుంది.

☐ క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) అనుమానముంటే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు పరీక్ష). పురీషనాళంలో వాపు చురుగ్గా ఉంటే వాయిదా.

☐ మన దగ్గర క్షయను మరచిపోకూడదు: మార్గం గోడ ముక్క బయాప్సీకి, టీబీ పరీక్షకు.

☐ రక్తం పలచబరిచే మందులు, షుగర్, పొగతాగడం ఉన్నాయేమో అడగండి.

☐ తీయడానికి సరిపడా కొవ్వు ఉందో పొట్ట గిల్లి చూడండి. సన్నటివాళ్లకు తొడల నుంచి తీయాల్సి రావచ్చు; ముందే చెప్పి సమ్మతి తీసుకోండి.

☐ లీటరు సెలైన్‌లో 1 మి.గ్రా. అడ్రినలిన్ (రక్తనాళాలను ముడుచుకునేలా చేసే మందు), కొవ్వు తీసే చోట ఎక్కించాక 10-15 నిమిషాలు ఆగాలి. తొందరపడితే కొవ్వు బదులు రక్తం వస్తుంది.

☐ తక్కువ వాక్యూమ్. ఎక్కువ పీడనానికి కణాలు చితికిపోతాయి. తీసిన కొవ్వులోంచి నూనె, రక్తం వేరుచేయాలి.

☐ మార్గాన్ని క్యూరెట్‌తో (గీకే చెంచాలాంటి పరికరం) గీకి, లోపలి రంధ్రాన్ని కరిగే దారంతో మూయాలి. మొద్దు మొన కాన్యులా (సన్నని లోహపు గొట్టం) వెనక్కి లాగుతూ, కొవ్వును మార్గం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఎక్కించాలి. మార్గం లోపలికి కాదు; అక్కడ పోస్తే బయటికే వస్తుంది.

☐ బయటి రంధ్రం కుట్టొద్దు.

రోగికి ముందే చెప్పాల్సిందొకటి: ఒక్కసారితో మానకపోవచ్చు, మళ్లీ చేయాల్సి రావచ్చు. జ్వరం, పెరిగే నొప్పి ఉంటే ఆ రోజే రమ్మనాలి.