టెన్షన్‌లో గుండె వేగం ఎలా మారుతుందో నాడి పట్టి చూసుకోవడం ఎలా

టెన్షన్ పడగానే గుండె దడదడలాడితే "కార్టిసాల్ పెరిగింది" అనేస్తారు చాలామంది. కార్టిసాల్ అనే ఆ ఒత్తిడి హార్మోన్ అంత చురుకైనది కాదు, రక్తంలో అది గరిష్ఠానికి చేరడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మొదటి కొన్ని సెకన్ల దడ చాలావరకు మెదడుకాండం పని. అది మీ వేళ్లకే తెలుస్తుంది, స్మార్ట్‌వాచీ కూడా అక్కర్లేదు, మామూలు గడియారం ఒకటి చాలు.

ముందు ఒక సంగతి. నరాల ప్రభావమంతా తీసేస్తే గుండె సొంత వేగం నిమిషానికి 100 దగ్గర ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు మీకు 70 వస్తోందంటే మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ అనే నరం బ్రేకు నొక్కిపెట్టి ఉంచుతోందన్నమాట. ఆ బ్రేకు వేసే నాడీకణాలు ఎక్కువగా మెదడుకాండంలో కింది భాగమైన మెడుల్లాలో, న్యూక్లియస్ ఆంబిగ్యుయస్ అనే చోట ఉంటాయి. అవి తమంతట తాము పెద్దగా సంకేతాలు పంపవు, చుట్టుపక్కల నుంచి వచ్చే సంకేతాలను బట్టే నడుస్తాయి. గాబా అనే రసాయనం వాటి మీద పడితే నెమ్మదిస్తాయి, బ్రేకు సడలుతుంది, గుండె పరుగెడుతుంది.

ఇక చూసే పద్ధతి. విశాఖలో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, ఆ ఉక్కపోతకే నాడి పెరిగిపోయి లెక్క తప్పుతుంది. కైలాసగిరి మెట్లెక్కి దిగిన వెంటనే కూడా వద్దు. పొద్దున్నే, టీ కాఫీలు తాగకముందు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడు, మధ్య వేళ్లు ఆనించి నిమిషమంతా లెక్కపెట్టండి. బొటనవేలితో పట్టకూడదు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి ఏది ఎవరిదో తెలీదు. తర్వాత లెక్క మానేసి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతూ దెబ్బల మధ్య ఎడం ఎలా మారుతోందో గమనించండి. పీల్చేటప్పుడు దగ్గరపడి, వదిలేటప్పుడు దూరమవుతుంటే మీరు గమనిస్తున్నది ఆ కణాల పనే. చిన్న వయసువాళ్లకి ఇది బాగా తెలుస్తుంది, వయసుతో తగ్గుతుంది, అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు టెన్షన్ తెచ్చుకోవాలి. జర్మనీలోని ట్రియర్‌లో 1993లో తయారుచేసిన ఒత్తిడి పరీక్షలో ఉన్న కిటుకే వాడుకోండి: 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ గబగబా పైకి చెప్పాలి, తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఎదురుగా మీ బావనో అక్కనో కూర్చోబెట్టి తప్పు దొరికినప్పుడల్లా "మళ్లీ!" అనమనండి, ఎవరూ లేకుండా చేస్తే సగం టెన్షనే వస్తుంది. ఆ సమయంలో నాడి వాళ్లే పట్టుకుని లెక్కపెడితే ఇంకా మేలు, ముందు వచ్చిన అంకెతో పోల్చుకోవచ్చు.

మరి టెన్షన్‌లో మెదడు వాడే పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) సంగతి? సీఆర్ఎఫ్ (కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్) అని 41 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటుంది, 1981లో అమెరికా శాస్త్రవేత్త వైలీ వేల్ బృందం గొర్రెల మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి దాన్ని వేరుచేసి గుర్తించింది. కార్టిసాల్ కథ మొదలుపెట్టేది అదే, పైగా మెదడులోనే నాడీకణాల మధ్య సంకేతంగానూ పనిచేస్తుంది. ఎలుకల మెదడులో ద్రవం ఉండే గదుల్లోకి దాన్ని పంపితే గుండె వేగం, రక్తపోటు రెండూ పెరిగాయి. దాని కుటుంబానికే చెందిన యూరోకార్టిన్-1ని నేరుగా న్యూక్లియస్ ఆంబిగ్యుయస్‌లోకి ఎక్కిస్తే మాత్రం గుండె నెమ్మదించింది! అంటే ఏ పెప్టైడ్, ఎక్కడ, ఏ గ్రాహకం (రిసెప్టర్) మీద అన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది, కాబట్టి "స్ట్రెస్ హార్మోన్ తగ్గించే" పొడులు అమ్మేవాళ్ల మాటలు నేనైతే పట్టించుకోను. ఇంకోమాట, మీ వేళ్లకి తెలిసేది బ్రేకు సడలడమే, దాని వెనక ఏ పెప్టైడ్ ఉందో నాడి చెప్పదు.

తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్నది ఊపిరే. నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలండి, నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. బిగబట్టకండి, కళ్లు తిరిగితే ఆపేయండి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం గట్టు మీద కూర్చునీ చేయొచ్చు, ముంత మసాలా బేరం తర్వాత చూసుకోవచ్చు. మెడ దగ్గర కొట్టుకునే రక్తనాళాన్ని మాత్రం నొక్కొద్దు, ముఖ్యంగా పెద్దవాళ్లకి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఈ అంకెలు వర్తించవు. ఊరికే కూర్చున్నా 100 దాటే ఉంటున్నా, దెబ్బలు తప్పుతున్నా డాక్టరుకి చూపించుకోండి. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఊపిరి లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.