మెడికల్ షాపు లైసెన్స్: ఫారాలు తేలికే, ఆగేది ఫార్మసిస్ట్ దగ్గర

షట్టర్ అద్దెకు తీసుకుంటారు. ర్యాకులు కొట్టిస్తారు, ఫ్రిజ్ కొంటారు, బోర్డు రాయిస్తారు. అన్నీ అయ్యాక ఫార్మసిస్ట్ కోసం వెతకడం మొదలుపెడతారు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ‘ఫార్మసిస్ట్ అక్కర్లేని లైసెన్స్ ఇప్పిస్తా’ అంటూ బ్రోకర్ తగులుతాడు. అలాంటి లైసెన్స్ నిజంగానే ఒకటుంది. అతను పూర్తి అబద్ధం చెప్పడు, సగం నిజం చెప్తాడు. ఆ మిగతా సగం తెలియాలంటే చట్టం మందుల్ని ఎలా విడగొట్టిందో ముందు చూడాలి.

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద వచ్చిన 1945 నిబంధనలు దేశమంతటికీ వర్తిస్తాయి. మనుషులకైనా పశువులకైనా, లోపలికి ఇచ్చేదైనా పైన రాసేదైనా చట్టం దృష్టిలో మందే. ఒంటికి పూసుకునే దోమల క్రీము, ఖాళీ క్యాప్సూల్ గుల్ల కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. కాబట్టి ‘నేను అమ్మేది గేదెల మందులే కదా’ అంటే చెల్లదు. ఆయుర్వేద మందుల అమ్మకానికి ఈ చట్టం కింద లైసెన్స్ అడగరు. హోమియోకి ఫారాలు వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

మామూలు రిటైల్ షాపుకి దరఖాస్తు ఫారం 19. దాని మీద వచ్చే లైసెన్సులు రెండు: ఫారం 20, ఫారం 21. ‘రెండెందుకు, ఒకటి చాలదా’ అని చాలామంది అడుగుతారు. చాలదు. టీకాలు, ఇన్సులిన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు షెడ్యూల్ సి లో ఉంటాయి (షెడ్యూల్ అంటే చట్టం, నిబంధనల చివర ఉండే జాబితా). నోటితో వేసుకునే యాంటీబయాటిక్‌లు, విటమిన్ మాత్రలు సి1 లో ఉంటాయి. వీటికి ఫారం 21 కావాలి. అది లేకుండా అమాక్సిసిలిన్ క్యాప్సూల్ కూడా అమ్మకూడదు. ఫీజు లైసెన్సుకి 1500 రూపాయలు, రెండింటికీ కలిపి 3000. బ్రోకర్ చెప్పే ‘ప్యాకేజీ’లో ప్రభుత్వానికి వెళ్లేది ఇంతే. కెటమిన్ లాంటి షెడ్యూల్ ఎక్స్ మందులు అమ్మాలంటే ఫారం 19సి తో విడిగా దరఖాస్తు చేసుకోవాలి. కొత్తగా షాపు పెట్టేవాళ్లకు దాని అవసరం దాదాపు ఉండదు.

అమ్మేటప్పుడు వర్తించే వర్గాలు వేరే ఉన్నాయి. మాత్రల షీటు తిప్పి చూడండి. పేరు పక్కన ఆర్‌ఎక్స్ (Rx) గుర్తు ఉంటే అది షెడ్యూల్ హెచ్, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ గుర్తు ఎర్రగా ఉండి, కింద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక కనిపిస్తే హెచ్1. సెఫిక్సిమ్, ఆల్‌ప్రాజోలమ్, ట్రమడాల్ ఇందులోవే. హెచ్1 వర్గం 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ మందు అమ్మినప్పుడల్లా చీటీ రాసిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారో విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ‘ఓటీసీ’ అని అందరూ అంటారు గానీ మన నిబంధనల్లో ఆ పేరుతో షెడ్యూలేదీ లేదు. చీటీ అక్కర్లేని మందుకి వాడుకలో వచ్చిన పేరది.

హెచ్, హెచ్1 మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ స్వయంగా చూసుకుంటుండగానే ఇవ్వాలి. అవి లేకుండా మన ఊళ్లలో మెడికల్ షాపు నడవదు. బీపీ, షుగర్ మందులు, యాంటీబయాటిక్‌లలో చాలావరకు అవే. బ్రోకర్ చెప్పే లైసెన్స్ ఫారం 20ఎ, 21ఎ. దీన్ని పరిమిత లైసెన్స్ అంటారు, ఫారం 19ఎ తో అడగాలి. ఫార్మసిస్ట్ పర్యవేక్షణ అక్కర్లేని మందులే, కంపెనీ ప్యాకింగ్ విప్పకుండా అమ్ముకోవడానికి ఇది పనికొస్తుంది. కిరాణా కొట్టులో ఓ మూల జ్వరం మాత్రలు, బామ్‌లు పెట్టుకునేవాళ్లకు సరిపోతుంది. ఈ కాగితం గోడకి తగిలించి షెడ్యూల్ హెచ్ మందులు అమ్మితే లైసెన్స్ లేకుండా అమ్మినట్టే లెక్క. దానికి జైలు మూడేళ్లకు తగ్గదు, ఐదేళ్ల దాకా వెళ్లొచ్చు. జరిమానా కనీసం లక్ష. అప్పుడు కోర్టుకి తిరిగేది మీరే, బ్రోకర్ కాదు. జనాభా వెయ్యి దాటని పల్లెల్లో కొన్ని ఇంటి మందులకు లైసెన్సే అక్కర్లేదని షెడ్యూల్ కె చెప్తుంది. అలాంటి పల్లెలో ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఆ జాబితా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక ఫార్మసిస్ట్. డి.ఫార్మసీ, బి.ఫార్మసీ, ఫార్మ్.డి ఏదైనా పర్వాలేదు. కానీ పాసైన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, అది రెన్యువల్ అయి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో పేరుండి తెలంగాణలో షాపులో చేరుతుంటే ముందు రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఇంకొకటి: ఆ ఫార్మసిస్ట్ పేరు పాత షాపు లైసెన్సులో ఇంకా అలాగే ఉండటం. ఆయన మానేసి ఏడాది అయ్యుండొచ్చు, పాత ఓనర్ ఆ సంగతి లైసెన్స్ ఇచ్చే డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకి తెలపలేదంతే. మీ దరఖాస్తు అక్కడ ఆగిపోతుంది. అపాయింట్‌మెంట్ లెటర్ రాసే ముందే పాత షాపు నుంచి రిలీవింగ్ లెటర్, ఆఫీసుకి తెలిపిన కాగితం రెండూ అడిగి తీసుకోండి. మొహమాటపడొద్దు.

‘ఇరవై ఏళ్లు మెడికల్ షాపులో చేశాను, ఆ అనుభవం చాలదా’ అని అడిగేవాళ్లూ ఉంటారు. హోల్‌సేల్‌కి ఉపయోగపడుతుంది. పదో తరగతి పాసై మందుల వ్యాపారంలో నాలుగేళ్లు, లేదా డిగ్రీ ఉండి ఏడాది అనుభవం ఉంటే చాలు. రిటైల్‌కి ఎన్నేళ్లున్నా లెక్కలోకి రాదు. చేతిలో పనున్నవాళ్లకి ఇది కష్టంగానే ఉంటుంది. అయినా అనుభవం సర్టిఫికెట్ కొనిపెట్టి రిటైల్ లైసెన్స్ ఇప్పిస్తానన్నవాడికి మాత్రం డబ్బివ్వకండి.

సర్టిఫికెట్ అద్దెకు తెచ్చుకునే అలవాటు గురించి తెలియనివాళ్లు లేరు. నెలకింత ఇస్తే గోడ మీద ఫొటో ఉంటుంది, మనిషి ఉండడు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు కౌంటర్ దగ్గర ఎవరున్నారన్నదే ప్రశ్న. ఫార్మసిస్ట్ లేని సమయంలో ఇచ్చిన ఒక్క హెచ్1 బిల్లు దొరికినా లైసెన్స్ సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు.

మిగతావి తేలికే. షాపు కనీసం 10 చదరపు మీటర్లు, అంటే 12 గజాలు ఉండాలి. రిటైల్, హోల్‌సేల్ రెండూ ఒకేచోట అయితే 15 చదరపు మీటర్లు. అద్దె ఒప్పందం, షాపు ప్లాన్, ఫ్రిజ్ బిల్లు, భాగస్వాములుంటే ఆ పత్రం, ఫార్మసిస్ట్ కాగితాలు జత చేసి, ఆన్‌లైన్‌లో మీ పేరు మీదే ఫీజు కట్టండి. రసీదు, లాగిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి షాపు చూసి రిపోర్టు పంపుతారు. కొర్రీ వేస్తే భయపడక్కర్లేదు, అడిగిన కాగితం పెడితే ఫైలు కదులుతుంది.

లైసెన్స్ వచ్చాక ఫార్మసిస్ట్ మారితే నెల లోపు తెలపాలి. ఇప్పుడు పాత పద్ధతి రెన్యువల్ లేదు, 2017 సవరణ తర్వాత ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడితే లైసెన్స్ కొనసాగుతుంది. గడువు దాటితే నెలకు రెండు శాతం చొప్పున ఆలస్య రుసుము, అదీ ఆరు నెలల వరకే. ఆ తర్వాత లైసెన్స్ రద్దయినట్టే, మళ్లీ ఫారం 19 నుంచి మొదలు.