విశ్వాసం, ప్రాణరక్షణ, కథనం: ఏకపాత్ర నాటకాన్ని వేదిక ఎక్కించడం ఎలా?

ఏకపాత్ర నాటకం వేయాలనుకునేవారు సాధారణంగా ముందు మంచి నటుణ్ని వెతుకుతారు, ఆ తర్వాత మంచి ఇతివృత్తాన్ని వెతుకుతారు. ఆపదలో చిక్కుకొని ప్రాణాలతో బయటపడ్డ మనిషి, ఆ ఆపదలో అతణ్ని నిలబెట్టిన లేదా వదిలేసిన విశ్వాసం, జరిగినదంతా అతను తర్వాత కథగా చెప్పుకునే తీరు, ఈ మూడింటినీ కలిపే నాటకానికి మాత్రం వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ మనిషి ఈ కథను ఎవరికి చెబుతున్నాడు, ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడే ఎందుకు చెబుతున్నాడు? దీనికి జవాబు లేకుండా రాసిన నాటక ప్రతి, నటుడు ఎంత సమర్థుడైనా, అరగంట తిరిగేసరికి ఉపన్యాసంగా మారిపోతుంది.

ఉదాహరణకు, ఓడ మునిగాక తెప్ప మీద ఇద్దరు మిగిలారనీ, వారిలో ఒక్కడే ఒడ్డుకు చేరాడనీ అనుకుందాం. అతను ఆ కథను విచారణ సంఘం ముందు చెబితే తేదీలు, గాలి దిశ, మిగిలిన ఆహారపు లెక్కలు ముందుకు వస్తాయి. చనిపోయిన తోటివాడి తల్లికి చెబితే, చివరి గుక్క నీళ్లు ఎవరు తాగారన్న చోట మాట తడబడుతుంది. ఆమెకు చెప్పకూడనిది ఏదో ప్రేక్షకులకు తెలిసిన క్షణం నుంచి ప్రతి వాక్యానికీ అడుగున రెండో వాక్యం వినిపిస్తూ ఉంటుంది. అందుకే శ్రోత ఎవరో నాటక ప్రతిలోని మొదటి పుటలోనే రాసిపెట్టుకొని, ప్రేక్షకులందరినీ ఆ శ్రోత స్థానంలో కూర్చోబెట్టండి. నటుడి చూపు ఎక్కడ నిలవాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్న సందేహాల్లో చాలా భాగం ఆ ఒక్క నిర్ణయంతోనే తీరిపోతుంది.

కనబడని మనిషితో మాట్లాడించే పద్ధతి మన నాట్యశాస్త్ర సంప్రదాయానికి కొత్త కాదు. దశరూపకాల్లో, అంటే సంస్కృత నాటకాల పది రకాల్లో, ఒకటైన భాణంలో రంగం మీద ఒక్క పాత్రే ఉంటుంది. ఎదుటివారి మాటలను ఆ పాత్రే ‘ఏమంటున్నావు?’ అంటూ తిరిగి పలికి వినిపిస్తుంది, దీన్నే ఆకాశభాషితం అంటారు. అయితే భాణం ప్రధానంగా విటుడి సరస వ్యవహారాల చుట్టూ తిరిగే రూపకం కనుక, అదే పద్ధతిని గంభీరమైన నాటకంలో పదేపదే వాడితే ప్రేక్షకులకు నవ్వు వస్తుంది. ప్రశ్నను పలికించకుండా, అది వినిపించినంత సేపు నటుణ్ని మౌనంగా ఉంచి, జవాబు మాత్రమే చెప్పించడం మేలు. తల్లి ఏమడిగిందో ఆ జవాబును బట్టి ప్రేక్షకులే ఊహించుకోగలరు.

ప్రతిని సిద్ధం చేసుకోవడం

విరామం లేకుండా ఒక్క మనిషిని చూస్తూ కూర్చోవడానికి 60 నుంచి 75 నిమిషాలు సరిపోతాయి, అంతకు మించితే కథలో ఎంత బలమున్నా శ్రద్ధ సడలుతుంది. ప్రతిని బిగ్గరగా చదువుతూ గడియారం చూసుకోండి. మౌనాలూ కదలికలూ చేరాక నిడివి పెరుగుతుంది కాబట్టి, 70 నిమిషాల నాటకం కావాలంటే చదువులో 55 నిమిషాలు దాటకుండా చూసుకోవడం మంచిది. మరొకరి రచనను ప్రదర్శిస్తున్నా, నవలనో ఆత్మకథనో నాటకీకరిస్తున్నా, రిహార్సల్స్ మొదలుపెట్టకముందే లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. రచయిత మరణానంతరం కాపీహక్కు భారతదేశంలో 60 ఏళ్లు, యూరప్ సమాఖ్య దేశాల్లో 70 ఏళ్లు ఉంటుంది.

ప్రాణాలతో బయటపడ్డ ఒక వ్యక్తి అనుభవాన్ని ఆధారం చేసుకున్నప్పుడు చట్టపరమైన అనుమతితో పని తీరదు. ఆ వ్యక్తికి ప్రతిని చదివి వినిపించి, వద్దన్న భాగాలను తీసేయడానికి ముందే ఒప్పుకోవాలి. వారి బాధకు మనం కొత్త మెరుగులు దిద్దవలసిన పని లేదు.

ఇక ప్రాణరక్షణ వివరాల విషయానికి వస్తే, ఇక్కడే చాలా నాటకాలు గాలిమాటలతో సరిపెడతాయి. ‘ఆకలితో అలమటించాను, దాహంతో అల్లాడిపోయాను’ అన్న వాక్యాలు ఎవరైనా రాయగలరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయనీ, ఆ లవణాలను బయటికి పంపడానికి మూత్రపిండాలకు తాగిన నీటికంటే ఎక్కువ నీరు ఖర్చవుతుందనీ తెలిసిన రచయిత, చుట్టూ నీళ్లుండగా తాగకుండా కూర్చున్న మనిషిని వేరే విధంగా రాస్తాడు. 1942 నవంబర్‌లో జర్మన్ జలాంతర్గామి దాడిలో మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ నుంచి తప్పించుకున్న చైనా నావికుడు పూన్ లిమ్, దక్షిణ అట్లాంటిక్‌లో 133 రోజులు ఒంటరిగా తెప్ప మీద బతికాడు. లైఫ్ జాకెట్ గుడ్డతో వాన నీళ్లు పట్టుకున్నాడు, టార్చిలైటులోని తీగను వంచి గాలం చేసుకున్నాడు, మొదట్లో తాడుకు ముడులు వేస్తూ రోజులు లెక్కపెట్టి, తర్వాత అది మానేసి పౌర్ణములను లెక్కపెట్టాడు. రోజుల లెక్క ఎప్పుడు మానుకున్నాడన్నది రంగస్థలానికి పనికొచ్చే వివరం, ఎందుకంటే అది చేతులతో చేసి చూపించగలిగినది, పైగా ఆశకూ నిరాశకూ మధ్య జరిగిన మార్పును ఒక్క సంభాషణ కూడా లేకుండా చెబుతుంది.

ప్రార్థనను ఎలా చూపించాలి?

విశ్వాసాన్ని నటించడంలో అతి సులువైనదీ, అతి పేలవమైనదీ ఒకే పద్ధతి: కళ్లు మూసుకొని, చేతులు పైకెత్తి, వెనక వేణువు వినిపించడం. దాన్ని పూర్తిగా వదిలేయండి. పాత్ర ప్రార్థన చేసేటప్పుడు పైనుంచి బంగారు రంగు కాంతి పడిందంటే, దేవుడు ఉన్నాడా, విన్నాడా అన్న ప్రశ్నకు లైటింగ్ చేసే వ్యక్తి జవాబు చెప్పేసినట్టే. ప్రార్థనకు ముందున్న వెలుగునే ప్రార్థన తర్వాత కూడా ఉంచి, పాత్ర అడిగినదానికి బదులు రాని ఆ వ్యవధిని నిజంగా గడవనివ్వండి. పది సెకన్ల మౌనం రిహార్సల్ గదిలో భరించలేనంత పొడవుగా అనిపించినా, నిండిన సభలో అది నిలబడుతుంది. నటుడు ఆ పది సెకన్లలో ఏదో ఒకటి చేసి చూపించాలనే తొందరను దర్శకుడే ఆపాలి.

విశ్వాసం మాటల్లో కంటే, బదులు రాకపోయిన తర్వాత పాత్ర చేసే పనిలో బాగా తెలుస్తుంది. నిన్న ప్రార్థించి ఏమీ దొరకని మనిషి ఈ రోజు మళ్లీ ముఖం తుడుచుకొని అదే దిక్కుకు తిరిగి కూర్చున్నాడా, లేక ఆ దిక్కుకు వీపు పెట్టాడా? నాటకం మొత్తంలో ఈ పని మూడు సార్లు వస్తే, మూడు సార్లూ ఒకే తీరుగా రాకూడదు. ఒక మతానికి చెందిన అసలు ప్రార్థనను వాడుతున్నట్టయితే, దాన్ని రోజూ చదివేవారి దగ్గర కూర్చొని ఉచ్చారణను, ఆగే చోట్లను నేర్చుకోవడం తప్పనిసరి. ఆ మతస్థులు సభలో ఒక్కరున్నా తప్పు వెంటనే పట్టుకుంటారు, ఆ తర్వాత వారు నాటకంలో దేన్నీ నమ్మరు.

ఒకే శరీరం, పలు పాత్రలు

కథ చెప్పే మనిషి మధ్యమధ్య తోటివాడిగా, తల్లిగా, కాపాడిన నావికుడిగా మారవలసి వస్తుంది. గొంతులు మార్చి ఈ తేడా చూపించాలని ప్రయత్నిస్తే అది మిమిక్రీ అవుతుంది. ఎదుటి మనిషి ఎత్తును బట్టి చూపు ఎక్కడ నిలుస్తుంది, వెన్ను ఎంత వంగుతుంది, మాటకు ముందు ఊపిరి ఎంత సేపు తీసుకుంటారు, ఈ మూడింటిని ఒక్కో పాత్రకు నిర్ణయించుకుంటే చాలు, గొంతు దానంతట అదే కొద్దిగా మారుతుంది. పాత్ర మారడానికి నటుడు రెండడుగులు పక్కకు జరగడం మొదటి వారం రిహార్సల్స్‌లో పనికొస్తుంది కాని, ఆ తర్వాత తల తిప్పడంతోనే మార్పు జరిగేలా కుదించాలి.

కథకుడు ఒకే సంఘటనను రెండు సార్లు చెప్పి, రెండోసారి ఒక్క వివరం మార్చడం ఇలాంటి నాటకాల్లో బలమైన ఎత్తుగడ. ఆ మార్పును సంగీతంతోనో వెలుగుతోనో ఎత్తిచూపవద్దు. మొదటిసారి నీళ్ల డబ్బాను తోటివాడి వైపు జరిపిన చెయ్యి, రెండోసారి దాన్ని తన వైపే ఉంచుకుంటే, చూసేవారు చూస్తారు. ఆ రెండు సార్లూ మిగతా కదలికలన్నీ అక్షరాలా ఒకటే కావాలి కనుక, వాటిని ప్రతిలో పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

దాహం ఉన్న కథలో నటుడికి ఒక ఇబ్బంది ఉంది. గంటకు పైగా మాట్లాడే గొంతుకు నీళ్లు కావాలి, పాత్రకేమో నీళ్లు లేవు. చాటుగా వేదిక పక్కనున్న వింగ్‌లోకి వెళ్లి తాగి రావడం కంటే, వాన కురిసే ఘట్టాన్ని సుమారు నలభయ్యో నిమిషం దగ్గర పెట్టి, గుడ్డను పిండి డబ్బాలోకి తీసిన నిజమైన నీటిని ప్రేక్షకుల ముందే తాగించండి. అప్పుడు నటుడి అవసరమూ పాత్ర అవసరమూ ఒకటవుతాయి, ఆ గుక్కను నటించవలసిన పనే ఉండదు.

వెలుగు, ధ్వని, క్యూలు

ఒకే ముఖాన్ని అంతసేపు చూడాలి కాబట్టి అది స్పష్టంగా కనబడాలి. ముందు నుంచి రెండు పక్కలా సుమారు 45 డిగ్రీల కోణంలో పడే లైట్లు, వెనక నుంచి భుజాలను తెర నుంచి వేరుచేసే ఒక లైటు ఉంటే చిన్న వేదికకు చాలు. చీకటిగా ఉంటే గంభీరంగా ఉంటుందనుకోవడం పొరపాటు, చీకట్లో కళ్లు అలసి చెవులు కూడా మూసుకుంటాయి. రంగాలంకరణ విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు: ఒక తాడు, ఒక డబ్బా, ఒక గుడ్డ, కూర్చోవడానికి ఒక బల్ల సరిపోతాయి.

క్యూలను, అంటే వెలుగూ ధ్వనీ ఎప్పుడు మారాలో చెప్పే సంకేతాలను, సంభాషణలకు కాక పనులకు ముడిపెట్టండి. ఒంటరి నటుడు ఎప్పుడో ఒకప్పుడు అర పేజీ దాటేస్తాడు. అతన్ని ఆదుకోవడానికి పక్కన సహనటుడు ఉండడు, చాటు నుంచి మాట అందించే ప్రాంప్టింగ్ వినబడితే తెప్ప మీది ఒంటరితనం అక్కడికక్కడే ముగిసిపోతుంది. ‘తాడు చేతిలోకి తీసుకోగానే’ అని క్యూ ఉంటే, మధ్యలో ఏ వాక్యం జారిపోయినా లైట్ల దగ్గరున్న వ్యక్తి తడబడడు. నటుడు కూడా ఇదే విధంగా ప్రతిని ఎనిమిది, తొమ్మిది ఘట్టాలుగా విడగొట్టి, ప్రతి ఘట్టం మొదటి వాక్యాన్నీ ఒక వస్తువుతోనో స్థానంతోనో కలిపి కంఠస్థం చేస్తే, దారి తప్పినప్పుడు ఆ వస్తువును పట్టుకొని తిరిగి రాగలడు.

మొదటి ప్రదర్శనకు కనీసం రెండు వారాల ముందు ఇతివృత్తం తెలియని పది, పదిహేను మందిని కూర్చోబెట్టి పూర్తిగా ఆడి చూడండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మర్యాద మాటలే వస్తాయి. ‘నీళ్లు ఎవరు తాగారు?’, ‘అతను ఎవరితో మాట్లాడుతున్నాడు?’ అని అడిగితే నాటకం ఎక్కడ తెగిందో తెలుస్తుంది. వారు కుర్చీల్లో కదిలిన, దగ్గిన చోట్లను మరొకరి చేత ప్రతి మీద గుర్తు పెట్టించండి.

మరణాన్నీ విపత్తునూ వివరంగా చెప్పే నాటకమని ప్రకటనలోనే తెలియజేయాలి. ప్రదర్శన ముగిశాక నటుణ్ని వెంటనే అభినందనల గుంపులోకి నెట్టకుండా, ముఖం కడుక్కొని, బట్టలు మార్చుకొని, నాటకంతో సంబంధం లేని సంగతులు మాట్లాడుకోవడానికి పావుగంట కేటాయించండి. ఒకే రోజు రెండు ప్రదర్శనలు పెట్టవలసి వస్తే మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచి, ఆ వ్యవధిలో సగం అతను మాట్లాడకుండా ఉండేలా చూసే బాధ్యత దర్శకుడిదే.